బొటనవేలికి ఊలు చుట్టిన మనిషి

దెయ్యాల్ని నేను ఏనాడూ నమ్మలేదు. దానికి గట్టి కారణమే ఉంది. మా వీధి పిల్లలు ఇన్నేళ్ళుగా విని జడుసుకున్న కథలన్నీ నేను కల్పించినవే. రామతీర్థం కొండ మీద తెల్లచీర, నెల్లిమర్ల రోడ్డులో తల లేని సైకిలువాడు, అంతా నా సొంత సరుకు. తయారు చేసినవాడికి భయమెందుకుంటుంది?

అందుకే ఈ ఒక్క సంగతి నేను చెప్పబోతే మా ఇంట్లోవాళ్ళు కూడా ముందే నవ్వేస్తారు. నవ్వనివ్వండి. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎక్కడైనా పెంచితే నేనే ఒప్పుకుంటాను.

నేను విజయనగరంలో రిటైరైన క్రాఫ్ట్ మాస్టారిని. ఊలు అల్లిక నా విద్య. బడి వదిలాక హస్తకళల ప్రదర్శనలకీ, మహిళా సంఘాల శిక్షణలకీ ఎవరు పిలిచినా సంచిలో సూదులూ ఊలుండలూ వేసుకుని బస్సెక్కేసేవాణ్ణి. క్లాసు ఒక వంక, ఆ ఊళ్ళో స్నేహితుణ్ణి చూసి, కాఫీ తాగి రావడం అసలు పని. శ్రీకాకుళం ప్రదర్శనలో నా స్వెటర్లు చూడటానికి ఒడిశా నుంచి బస్సు నిండా జనం దిగారని ఇప్పటికీ చెబుతుంటాను. దిగిన మాట నిజం. బాత్రూం ఎటువైపని నన్నడిగి వెళ్ళిపోయారు.

ఈ తిరుగుళ్ళలో నాకు తోడు పోలమ్మ. భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. బుట్ట నెత్తిన పెట్టుకుని మా వీధుల్లో చేపలమ్మేది. మా అరుగు మీద నేను అల్లుతుంటే చూసి నేర్చుకుంది. నేర్పింది నేనే అని అందరికీ చెబుతాను కానీ నేను చూపించినవి రెండు రకాల కుట్లు, అంతే. మిగతా నేర్పు చిన్నప్పటినుంచి వలలు అల్లిన ఆ చేతిలో అప్పటికే ఉంది.

వల అల్లేవాళ్ళకి ఒక పద్ధతుంది. కొసని కాలి బొటనవేలికి తగిలించి, కాలు చాపి, ఆ బిగువు మీద అల్లుతారు. పోలమ్మ ఊలునీ అలాగే అల్లేది. వద్దని ఎంత చెప్పినా మానలేదు. దాంతో ఆమె అల్లిన ప్రతిదానికీ మొదటి వరస మూలలో వేలు దూరేంత కన్నం సాగిపోయేది. తర్వాత నేను కూర్చుని దాన్ని కుట్టి మూసేవాణ్ణి.

"కన్నముంటే ఏటయిపోతాది మేస్టారూ, తొడుక్కున్న పిల్లకి కూసింత గాలొస్తాది" అనేది.

కొన్నాళ్ళకి ఆమెకి మెడ నరాలు పట్టేశాయి. బుట్ట ఎత్తలేకపోయింది. సరిగ్గా అప్పుడే అరసవల్లిలో ఆడవాళ్ళకి అల్లికలు నేర్పే చిన్న కేంద్రానికి ఒక టీచరు కావలసి వచ్చింది. అది నడిపే భారతిగారు సంగీతం మాస్టార్ల ఇంటి మనిషి. తాళం తప్పితే ఊరుకోదు. "మీరు చెప్పారని తీసుకోను మాస్టారూ. ఒక రోజు క్లాసు చెప్పమనండి. నేర్చుకున్నవాళ్ళ పని చూసి తీసుకుంటాను" అంది. పోలమ్మ నీడపట్టున కూర్చుని బతకడానికి కనిపించిన దారి అదొక్కటే.

క్లాసుకి ముందురోజు పోలమ్మ కుడిచెయ్యి పట్టు తప్పింది. వేళ్ళు కదులుతున్నాయి, దేన్నీ పట్టుకోలేకపోతున్నాయి. మంచం దిగవద్దన్నాడు డాక్టరు. ఆమె కూతురు గౌరి ఫోన్లో ఏడుస్తూ చెప్పింది.

భారతిగారిని కొంత గడువు అడుగుదామని నేనొక్కణ్ణే వెళ్ళాను. తీరా ఆమె ఎదురుగా నిలబడేసరికి నా నోరు తనకి అలవాటైన పని తను చేసేసింది. "పోలమ్మ వచ్చిందండి. దర్శనానికి లైన్లో నిలబడింది. ఈలోగా నేను మొదలెడతాను" అన్నాను. ఆదివారం, అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి. లైను ఎంత పొడుగుంటుందో ఆమెకీ తెలుసు కాబట్టి నమ్మింది. ఇంటికి చుట్టాలొచ్చారని, భోజనాలయ్యాక వస్తానని వెళ్ళింది.

హాల్లో వందమంది ఆడవాళ్ళున్నారని రాయాలని చెయ్యి లాగుతోంది. పదిహేనుమంది ఉంటారేమో. పొద్దున్నంతా సూది పట్టుకోవడం, మొదటి వరస ఎక్కించడం చెప్పాను. కాలివేలి సంగతి ఎత్తలేదు. నాకది నచ్చదు కూడా.

మధ్యాహ్నం ఎదురుగా ఉన్న హోటల్లో భోంచేసి, అక్కడి నుంచే గౌరికి ఫోన్ చేశాను. ఫోను తల్లి చెవి దగ్గర పెట్టింది.

"ఏటి సెప్పినారు మేస్టారూ ఆలకి?" అంది పోలమ్మ.

"గుళ్ళో ఉన్నావని చెప్పాను."

"మంచం మీదున్నదాన్ని గుళ్ళో పెట్టీసినారా. అయితే పెసాదం తెండి."

నవ్వబోయి ఆగిపోయింది. "నా సెయ్యి నా మాట ఇనట్నేదు మేస్టారూ. ఈ పని పోతే నాను మరి బుట్ట ఎత్తలేను" అంది. చాలాసేపు ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను, ఫోను పెట్టెయ్యడానికి మనసొప్పక.

తిరిగొచ్చి హాలు గుమ్మంలో ఆగిపోయాను. ఆడవాళ్ళంతా నేల మీద కూర్చుని ఎడమకాళ్ళు చాపుకున్నారు. ప్రతి బొటనవేలికీ ఊలు చుట్టి ఉంది. మాటా పలుకూ లేకుండా అల్లుకుంటున్నారు.

ఎవరు నేర్పారని అడిగితే, వాళ్ళలో పెద్దది అప్పలనరసమ్మ తలెత్తింది. "ఇంకెవలు బాబూ, మీ పోలమ్మే. ఇప్పుడే ఎల్లినాది. గుడి కాడ సెప్పులు ఒగ్గీసి వొచ్చీసినాదంట, తెచ్చుకుంటానని."

చెప్పులు కూడా వేసుకోకుండా నేనూ పరిగెత్తాను. పరుగు కాదు, ఈ మోకాళ్ళతో నడిచాను. ఆటోల దగ్గర, పూలకొట్ల దగ్గర, లైను మొదటి నుంచి చివరిదాకా వెతికాను. ఎవరి కోసం వెతుకుతున్నానో నాకే తెలియదు. పోలమ్మతో ఇప్పుడే కదా మాట్లాడాను.

వచ్చినామె ఎలా ఉందని అడిగితే ఒకామె ముసలిదంది, ఇంకొకామె మా ఈడే అంది. పేరు ఎవరూ అడగలేదు. పోలమ్మ వస్తుందని పొద్దున నేను చెప్పాను కనక ఆమే అనుకున్నారు. అందరూ ఒప్పుకున్నది ఒక్కటే. "ఒక సుట్టు సాలదు, రెండు సుట్లు సుట్టండి" అని ఒక్కొక్కరి కాలు పట్టుకుని చూపించిందట. పోలమ్మ ఎప్పుడూ ఒక చుట్టే చుట్టేది. నా గందరగోళం ఇంకాస్త పెరిగింది.

భారతిగారు వచ్చి అల్లికలు చూసింది. కొత్తవాళ్ళ పనిలా లేవు, వరసలన్నీ సమంగా ఉన్నాయి. ప్రతిదానికీ మూలలో కన్నం. "ఇదేమిటి మాస్టారూ?" అంది. "అది పోలమ్మ గుర్తండి" అన్నాను. ఆమెకి ఒంట్లో బాగాలేక వెళ్ళిపోయిందని ఇంకో అబద్ధం చెప్పాను. "కాస్త కుదుటపడ్డాక తీసుకురండి" అంది.

చేపలమ్మే వాళ్ళెవరో సరదాకి లోపలికొచ్చి ఉంటారని చాలారోజులు అనుకున్నాను. అక్కడి చేపల బజారులో అడిగాను కూడా. "ఊలేటి బాబూ, వల సూస్తేనే మాకు సిరాకు" అని నవ్వారు. నేనే నేర్పి మర్చిపోయానా అని కూడా అనుకున్నాను. ఆ వయసూ వచ్చింది. ఆడవాళ్ళు కాదన్నారు.

పోలమ్మ లేచి తిరగగలిగాక అరసవల్లి తీసుకెళ్ళాను. చేతికి పట్టు మాత్రం పూర్తిగా రాలేదు. అప్పలనరసమ్మ ఆమెని ఎగాదిగా చూసింది.

"ఈమెవలు? ఆ దినం వొచ్చినామె ఈమె కాదు బాబూ."

భారతిగారు నా వైపు తిరిగింది. నేను ఇంకో అబద్ధం వెతుక్కుంటున్నాను. పోలమ్మే చెప్పింది. "నిజిమేనమ్మా. ఆ దినం నాను మంచం మీదున్నాను. మేస్టారు నా కోసం అబద్దమాడీసినారు. ఎలగూ వొచ్చాను, ఒక్క వరస అల్లి ఎల్లిపోతాను."

కూర్చుని కాలు చాపింది. తన అలవాటు ప్రకారం వేలికి ఒక చుట్టు చుట్టి మొదలుపెట్టింది. కుడిచేతిలో ఊలు నిలవలేదు. సూది జారి కింద పడింది. తీసుకుంది, మళ్ళీ పడింది. నేను గోడవైపు చూస్తూ ఉండిపోయాను.

అప్పుడు అప్పలనరసమ్మ జరుగుతూ వచ్చి ఆమె కాలు దగ్గర కూర్చుంది. చుట్టు విప్పి, రెండు చుట్లు వేసి, కొసని పక్కవేలి సందులోంచి తెచ్చింది. "ఆమె ఇలగ సెప్పినాది. కుడిసేత్తో గుంజక్కర్నేదు. కాలే పట్టుకుంటాది."

పోలమ్మ మళ్ళీ సూది అందుకుంది. ఈసారి ఊలు జారలేదు. బిగువంతా కాలు చూసుకుంటుంటే కుడిచెయ్యి ఊరికే తాకితే చాలు. కుట్టు తర్వాత కుట్టు, వరస పూర్తయింది. భారతిగారు నేల మీదే కూర్చుని రెండో వరస దాకా చూసింది. "రేపటినుంచి రా పోలమ్మా" అంది.

తిరుగు బస్సులో పోలమ్మ కిటికీ వైపు తిరిగి చాలాసేపు కళ్ళు తుడుచుకుంది. తర్వాత నా వైపు చూసింది.

"ఎవల్ని అంపినారు మేస్టారూ? నా సెయ్యి సంగతి తెలిసి, నాకు పనికొచ్చేలాగ నేర్పించినారు. మీ బుర్రే బుర్ర."

అంత మెప్పు నా జన్మలో ఎవరూ ఇవ్వలేదు. అవునంటే సరిపోయేది. నేను ఎవర్నీ పంపలేదన్నాను. అక్కడికి ఒకామె వస్తుందని నాకు తెలియనే తెలియదన్నాను. మా అమ్మ మీద ఒట్టు కూడా వేశాను.

నమ్మలేదు. ఇప్పటికీ నేను ఆ కేంద్రానికి వెళ్ళినప్పుడల్లా, వేలికి రెండో చుట్టు వేస్తూ నన్ను చూసి నవ్వుతుంది. ఆ వచ్చిందెవరో నాకు తెలియదని ఇన్నేళ్ళుగా చెబుతూనే ఉన్నాను.