వన్స్‌మోర్ అన్న గొంతు

రంగస్థలం మీద రాకుమారి, ఇంట్లో చిట్టి, కంపెనీలో ఆమె లేనప్పుడు మాత్రం అనుమానాలమ్మ. ఆ మూడో పేరు ఊరికే రాలేదు. వేషం కట్టే ముందు జాకెట్టు హుక్కులు ఒక్కొక్కటీ లాగి చూసేది. కుర్చీని ఊపి చూసి గానీ కూర్చునేది కాదు. ఎవరైనా మంచినీళ్లు తెచ్చిస్తే "ముందు నువ్వు తాగు" అనేది. పాపం, తెచ్చినవాడు దాహం లేకపోయినా తాగాల్సిందే.

తప్పంతా ఆమె నెత్తిన రుద్దడానికీ లేదు. తల్లి అదే నాటకాల కంపెనీలో దుస్తులు కుట్టేది. చిట్టి కుట్టుగదిలో గుడ్డపీలికల మధ్య పెరిగి, తెర సందులోంచి చూస్తూనే ఆటలన్నీ కంఠతా పట్టేసింది. ఆ రోజుల్లో ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. అక్కడ ఆడవేషం కట్టిన మొదటి ఆడది చిట్టే. ఇక చూడండి, నటులు మొహాలు మాడ్చుకున్నారు, వీధిలో జనం బుగ్గలు నొక్కుకున్నారు. ఒకసారి ఎవడో ఆమె గజ్జెల పట్టీ సగం కోసి పెట్టాడు. ఆ పుణ్యాత్ముడెవడో చివరిదాకా తేలలేదు. అప్పట్నుంచి తల్లి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. "నిన్ను చూసి ఎవడైనా నవ్వితే, ఎందుకు నవ్వుతున్నాడో ముందు కనుక్కోవే."

అందరికంటే ఎక్కువ అనుమానం రాణిగారి మీద. రాణిగారంటే మగమనిషే. చిట్టి రాకముందు రాణి వేషాలూ రాకుమారి వేషాలూ ఆయనవే, ఆ పేరు అలా అతుక్కుపోయింది. వేషం పోయాక బుర్రమీసాలు పెంచాడు. అయినా ప్రతి ఆటకూ వచ్చి వెనక బల్లల మీద కూర్చునేవాడు. వేషం పోయినవాడికి ఇంకా ఇక్కడేం పనని చిట్టికి ఒళ్లు మండేది.

ఆటకు ప్రాణం దీపం నాట్యం. రెండు అరచేతుల్లో దీపాలు పెట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, గిర్రున తిరుగుతూ పైకి లేవాలి. యజమాని ఆట చూసేవాడు కాదు. ఆఫీసు గదిలో కూర్చుని చెవులు మాత్రం హాలు వైపు పెట్టేవాడు. నాట్యం కాగానే "వన్స్‌మోర్" అని కేక పడితే ఆ వేషం ఆ మనిషిదే. కొన్నాళ్లు పడకపోయిందా, వేషం చేతులు మారేది. వేషం పోతే చిట్టికి మిగిలేది మళ్లీ ఆ కుట్టుగదే.

కేక రోజూ పడేది. నాట్యం మొత్తం మళ్లీ ఆడాల్సి వచ్చేది. ఏళ్లు గడిచేకొద్దీ మోకాళ్లు మొండికేశాయి. రెండోసారి లేచేటప్పుడు ప్రాణం పోయినంత పనయ్యేది. ఒకరోజు అలా రొప్పుతూ ఉంటే ఆమెకు ఒక సంగతి తట్టింది. ఎప్పుడూ మొదట అరిచేది ఒకే గొంతు. ఆ తర్వాతే హాలంతా అందుకుంటోంది. ఆ గొంతు రాణిగారిది.

ఇంకేముంది, లెక్క సరిపోయింది. నా మోకాళ్లు విరిగి నేను కూలబడితే వేషం మళ్లీ తన ఒళ్లో పడుతుందని గోతులు తవ్వుతున్నాడు, మీసాలు తీసేయడం ఎంతసేపు, అనుకుంది. తిన్నగా యజమాని దగ్గరకు వెళ్లి, "ఆయనైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అని తేల్చి చెప్పేసింది. మర్నాడు గేటు దగ్గర రాణిగారిని ఆపేశారు. ఆయన మారుమాట లేకుండా వెళ్లిపోయాడని విని, చూశావా, దొంగ దొరికిపోయాడు కాబట్టే తోక ముడిచాడు అని తల్లితో చెప్పి నవ్వింది.

ఆ సాయంత్రం నాట్యం చాలా బాగా కుదిరింది. చప్పట్లు కూడా గట్టిగానే పడ్డాయి. పడి, ఆగిపోయాయి. చిట్టి దీపాలతో అలాగే నిలబడింది. తెర తాడు పట్టుకున్నవాడు అలవాటు కొద్దీ ఆగాడు. జనం కూడా ఎవరైనా మొదలుపెడతారేమో అన్నట్టు ఇటూ అటూ చూశారు. ఎవరూ నోరు విప్పలేదు. చివరికి తెర పడింది.

తర్వాతి ఆటల్లోనూ అంతే. యజమాని మాట తప్పేవాడు కాదు, వేషం వేరే అమ్మాయికి వెళ్లింది. చిట్టి నిలువునా నీరుకారిపోయింది. కానీ బుర్ర ఊరుకుంటుందా? హాల్లో నోళ్లన్నీ మూయించింది కూడా ఆయనేనని తీర్మానించుకుని, కడిగేద్దామని ఆయన ఇంటికే వెళ్లింది.

భార్య తలుపు తీసింది. రాణిగారు కిటికీ దగ్గర గిన్నె ఒళ్లో పెట్టుకుని బఠాణీలు ఒలుస్తున్నాడు.

"జనాన్నెలా కట్టేశావు బాబాయ్?" అంది చిట్టి గుమ్మంలోనే.

"నన్ను గేటు కూడా దాటనివ్వలేదు కదమ్మా. లోపలి సంగతి నాకేం తెలుసు?"

"మరి ఇన్నాళ్లూ వన్స్‌మోర్ అని ఎందుకరిచావు? నా మోకాళ్లు విరగాలనేగా?"

ఆయన ఒలవడం ఆపాడు. "మోకాళ్లు," అన్నాడు. "అవును, నాకు తెలిసుండాల్సింది. నావీ అలాగే పోయాయి. నాది తప్పేనమ్మా." గిన్నె పక్కన పెట్టాడు. "ఆ నాట్యం కట్టింది నేను. జుట్టు నెరిసేదాకా ఆడింది నేను. కానీ అదెలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. ఆడేవాడికెలా కనపడుతుంది? నువ్వు ఆడుతుంటే మొదటిసారి చూశా. ఒకసారి చూస్తే నాకు చాలేది కాదు."

చిట్టి అలవాటు చొప్పున ఆ మాటల్లో మెలిక కోసం వెతికింది. ఆయన మొహంలోకి, చేతుల్లోకి, భార్య మొహంలోకి కూడా చూసింది. ఎక్కడా ఏమీ దొరకలేదు. తల కొట్టేసినట్టయింది.

"ఓ మూల కూర్చుంటాను. నోరు మెదపను, ఒట్టు. గేటువాడితో ఒక్క మాట చెబుతావా?" అన్నాడు రాణిగారు.

చిట్టి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "వేషం పోయింది బాబాయ్. కొత్తమ్మాయికి కొత్త నాట్యం కట్టారు. మనది తీసేశారు."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"తీసేశారటా?" అని ఆవిణ్ణి అడిగాడు.