మా అవ్వ అడిగిన వాన

నెల్లూరులో చలికాలం వచ్చిందని నాకు తెలిసేది చలి వల్ల కాదు, తోపుడు బండి మీద ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చి కందికాయల వాసన వల్ల. ఆఫీసు నుంచి వచ్చే దారిలో ఆ ఆవిరి ముక్కుకు తగిలితే చాలు, ఒక పొట్లం కట్టించుకుని ఇంటికి తెస్తాను, అమ్మా నేనూ ఎదురెదురుగా కూర్చుని ఒలుచుకుని తింటాం. స్వెట్టర్లు వేసుకుని తిరిగే ఇక్కడి వాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. చలంటే మా ఉదయగిరిది.

అక్కడ తెల్లవారి లేచేసరికి కొండ ఉండేది కాదు. కొండమీది దుర్గం గోడలూ బురుజులూ మంచులో మునిగిపోయి, పొద్దెక్కేకొద్దీ పైనుంచి కిందికి ఒక్కొక్కటే బయటపడేవి. పిల్లలం ఎండు కందికట్టె పోగేసి చలిమంట వేసుకుని, ముందువైపు కాలిపోతుంటే వెనకవైపు వణుకుతూ, దోసెల్లాగా అటూ ఇటూ తిరగేసుకుంటూ కూర్చునేవాళ్ళం. పక్కింటి అరుగు మీద చెక్క గరిటెలకు ఆకురాయి పెట్టే గరగర, ఆ చెక్కపొడి వాసన, లోపల పొయ్యి మీద జొన్నరొట్టె మాడే వాసన, అన్నీ ఆ మంచులోంచే మా దగ్గరికి వచ్చేవి. క్రిస్మస్ నెల దగ్గర పడుతోందంటే మా నాయనమ్మ అరిసెల బెల్లం గురించి, మేము వెదురు పుల్లలతో కట్టే నక్షత్రం గురించి మాటలు మొదలుపెట్టేవాళ్ళం.

తొంభైల్లో మా ఊరికంటూ సొంత వాతావరణం లేదు. రేడియోలో చెప్పేది రెండు ముక్కలు, కోస్తాకొకటి, రాయలసీమకొకటి. కాగితాల్లో మేము కోస్తా జిల్లా వాళ్ళమే, ఆకాశం మాత్రం మమ్మల్ని సీమలోనే కలిపేసుకుంది. బడిపంతులైన మా నాయనకు నాలుగెకరాల మెట్ట చేను కూడా ఉండేది కాబట్టి, రెండు ముక్కలూ శ్రద్ధగా విని, ఆ పూట తనకు ఏది అనుకూలమో అది నమ్మేవాడు. అమ్మ మాత్రం కోస్తా ముక్క అయిపోగానే లేచి వెళ్ళిపోయేది. ఆమె పుట్టిల్లు కావలి అవతల, సముద్రం ఒడ్డున. అక్కడ ఆమె ఒక్కగానొక్క తమ్ముడు, మా మామ, తాటాకు ఇంట్లో కాపురం ఉంటూ కౌలుకు వరి వేసేవాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కంది మొక్కలు నా భుజాల దాకా పెరిగి, సరిగ్గా మొగ్గ తొడిగే వేళకు ఆకులు వాలేసుకుని నిలబడ్డాయి. ఒక్క పదును వాన పడితే పూత నిలుస్తుంది, లేకపోతే కట్టెలు పొయ్యిలోకే. నాయన రోజూ సాయంత్రం చేలోకి వెళ్ళి, మన్ను పిడికిట్లో పట్టి చూసి, చేతులు దులుపుకుంటూ తిరిగి వచ్చేవాడు.

అంతలో బంగాళాఖాతంలో వాయుగుండం అని రేడియో చెప్పింది. మా వీధిలో పండగే. కుటుంబ ప్రార్థన మా ఇంట్లో నాయనమ్మ చేసేది, ఆమెనే మేము అవ్వా అనేవాళ్ళం. దేవుడితో ఆమె మాటలు పాలేరుతో మాట్లాడినట్టే ఉండేవి. ఆ సాయంత్రం దీపం పెట్టగానే అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"తండ్రీ, మా కంది చేను చూసినావు గదా. నీళ్ళు లేక నోరు తెరుచుకోని ఉండాది. సముద్రంలో తిరిగే ఆ వాయుగుండాన్ని ఇట్టా కొండ కాడికి తోలుకోని రా."

ఆమెన్ అని అందరం గట్టిగా అన్నాం. అమ్మ గొంతు వినిపించలేదు.

"ఏందమ్మాయ్, నోరు పడిపోయిందా?" అంది అవ్వ.

"అది కొండ కాడికి రావాలంటే మా తమ్ముడి ఇంటి మీదుగానే రావాల గదత్తా," అంది అమ్మ.

నాయన తల దించుకున్నాడు. మర్నాడు ప్రార్థనలో అవ్వ దేవుడికి కొత్త ఏర్పాటు చెప్పింది. గాలిని సముద్రంలోనే ఆపెయ్యమంది, వాన ఒక్కటే పంపమంది. అమ్మ ఈసారి ఆమెన్ అంది కానీ, నమ్మి అన్నట్టు లేదు.

వాన వచ్చింది. పగలు కూడా దీపం పెట్టుకోవాల్సినంత మబ్బు. కొండ కనబడలేదు, ఎదురిల్లు కనబడలేదు. నాయన గోనెసంచి తలమీద కప్పుకుని చేలోకి పరిగెత్తి, మోకాళ్ళ దాకా బురదతో, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ వచ్చాడు. వసారాలో నిలబడి కావలి వైపు చూస్తున్న అమ్మను చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది. బస్సులు రాలేదు. ఫోను చేద్దామంటే మామ ఊళ్ళో ఫోను లేదు. అమ్మ మాకు వడ్డించి తాను తినకుండా గిన్నెలు కడిగేసేది. మామ బతికి ఉన్నాడో లేదో మాకెవరికీ తెలియదు. నాయన తడుస్తూనే బస్టాండుకు పోయి, అక్కడ ఎవరు కనబడితే వాళ్ళను అడిగి వచ్చేవాడు.

బస్సులు మళ్ళీ తిరిగిన రోజున మామ, అత్త, ఇద్దరు పిల్లలు, ఒక ట్రంకుపెట్టెతో మా గుమ్మంలో దిగారు. ఇల్లు గాలికి లేచిపోయింది. నాట్లు వేసిన పొలం ఉప్పునీటిలో ఉంది. అమ్మ తమ్ముడి మొహం రెండు చేతుల్లో పట్టుకుని, ఏడుపూ తిట్లూ కలిపి ఏవేవో అంది. మర్నాడు నాయన వెంట చేలోకి వెళ్ళిన మామ పసుపుపచ్చని పూత చూసి, "చేను బాగుండాది బావా," అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు, అందుకే నాయన తట్టుకోలేకపోయాడు.

ఆ పూట అన్నాల దగ్గర అవ్వ ముద్ద నోట్లో పెట్టుకోకుండా, "ఆ వానని అడిగింది నేనేనయ్యా," అంది.

మామ చెయ్యి ఆగింది. "మా ఊళ్ళో అందరం మోకాళ్ళ మీద ఉండి రావద్దని అడిగినాం గదత్తా. నీ మాట విని మా మాట వినకపోవడానికి, ఆయనకు నీమీద అంత ప్రేమా?" అని నవ్వాడు. అవ్వ నవ్వలేదు.

వాళ్ళు సంక్రాంతి పోయిందాకా మాతోనే ఉన్నారు. ఆ క్రిస్మస్‌కు మాకెవరికీ కొత్త బట్టలు లేవు, అరిసెలు పంచుకోవడంలో మాత్రం పిల్లలం జుట్లు పట్టుకున్నాం. కొత్త కందులు రాగానే అవ్వ ఒక మూట వాళ్ళకు కట్టించింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆమె వాన కోసం ప్రార్థించింది కానీ, ముందొక మాట చేర్చేది. "మాకిచ్చే ముందు ఆ దారిలో ఎవరెవరుండారో చూసుకో తండ్రీ."

అవ్వ పోయింది, నాయనా పోయాడు. మా చేలో ఇప్పుడు నిమ్మతోట, బోరు నీళ్ళతో పెరుగుతుంది. మామ కౌలుకు చేసిన పొలంలో రొయ్యల గుంటలు తవ్వారు. చలిమంటలు లేవు, మా ఇళ్ళలో దీపం పెట్టగానే అందరూ కలిసి కూర్చోవడమూ లేదు. మా ఊరికి మాత్రం ఇన్నాళ్ళకు సొంత వాతావరణం వచ్చింది, ఏ గంటకు చినుకు పడుతుందో ఫోనే చెబుతుంది.

మొన్న మళ్ళీ వాయుగుండం అన్నారు. రెండు రోజులు కంగారు పడి, చివరికి ఫోనులో చూసి, "అమ్మా, మనకేం భయం లేదు, పక్కకు తిరిగిపోయిందంట," అన్నాను సంతోషంగా.

"ఆ పక్క ఎవరుండారంట?" అంది అమ్మ.

జవాబు కోసం నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. వాన సంగతి చూసుకోవడానికి నా ఫోనులో నేను పెట్టుకున్న ఊళ్ళు నెల్లూరు, ఉదయగిరి, ఆ రెండే.