ఆడి కృత్తికకు మాయమైన బుకింగులు

ఒక మాట ఏళ్లుగా నాలోనే దాచుకున్నాను. మీరు నన్ను ఎరగరు కాబట్టి చెబుతున్నాను. మీరు మా మామకు చేరవేయరని ఏమిటి నమ్మకం? ఏమీ లేదు. అయినా చెబుతాను.

మామకు తిరువళ్లూరులో ఒకటి, తిరుత్తణిలో ఒకటి వంటపాత్రలు అద్దెకిచ్చే కొట్లు. పెద్ద గంగాళాలు రెండింటికీ ఉమ్మడి. తిరుత్తణి కొట్టు నా తోడల్లుడు చూసేవాడు. అన్నా అని పిలుస్తాను. నేను కంప్యూటరు ఉద్యోగం చేసే అల్లుణ్ని. ఏ గంగాళం ఏ రోజు ఎవరికో రెండు చోట్లా కనబడేలా చిన్న వెబ్ అప్లికేషన్ రాసిచ్చాను. ఫంక్షనల్ పద్ధతి: పాత విలువను, అంటే ఇక్కడ పాత బుకింగుల జాబితాను, దిద్దం, ప్రతిసారీ కొత్తది తయారుచేస్తాం. ఇప్పటి విలువ ఏదో అందరికీ తెలిసేందుకు మధ్యలో ఒక్క పెట్టె. ఏం మార్చాలో ఆ పెట్టెకే చెప్పాలి. అది ఒకటి ముగించాకే ఇంకోటి అందుకుంటుంది. నేనేమో పెట్టెలోది బయటికి తీసి, బుకింగు చేర్చి, తిరిగి పెట్టేలా రాశాను. రెండు కొట్లూ ఒకేసారి తీస్తే చివర పెట్టినవాళ్లదే నిలుస్తుంది. ముందు పెట్టినవాళ్లది మాయం.

మామూలు రోజుల్లో ఇది బయటపడలేదు. ఆడి కృత్తిక పండగకు తిరుత్తణి కొండకు కావళ్లు మోసుకొచ్చేవాళ్లకు అన్నదానం చేసేవాళ్లంతా ఒకే ఉదయం ఫోన్లు చేస్తారు. తిరువళ్లూరు బుకింగులు పోయాయి, ఆ గంగాళాలు తిరుత్తణివాళ్లకు వెళ్లాయి. అన్నే చెరిపేస్తున్నాడని మామ అనుమానం. నిజానికి అన్నవీ పోయాయి. తానే సేవ్ నొక్కడం మరిచానేమోనని మళ్లీ ఎక్కించుకునేవాడు, పాపం.

మామ అన్న దగ్గర కొట్టు తాళాలు లాక్కుని పంపేయకముందే తప్పు ఎక్కడుందో నాకు తెలిసింది. ఎందుకు నోరు విప్పలేదు? భయమా? పెద్దల్లుడు పక్కకు పోతే ఆ ఇంట్లో నా మాట చెల్లుతుందనా? భయమనే ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. నన్ను నేనే నమ్మను.

ఆయన వెళ్లిన వారంలోనే ఎవరికీ చెప్పకుండా సరిచేశాను. ఆ తర్వాత ఒక్క బుకింగూ పోలేదు. వాడు పోయాడు, దొంగతనం ఆగింది అన్నారు ఇంట్లో అందరూ. నేను చేసిన మరమ్మతే ఆయన మీద సాక్ష్యమైంది.

ఇప్పుడాయన పట్టాభిరామ్ అనే ఊళ్లో ఏదో కంపెనీలో చేస్తున్నాడు. పొదటూరుపేటలో ఒక పెళ్లిలో భోజనాల బంతిలో నా పక్కనే కూర్చున్నాడు.

"నేను పోయినాక ఒకటి గూడా పోలేదంటనే. దాంట్లో నువ్వేమన్నా మార్చినావా అబ్బా?"

"లేదన్నా. నేనేం మార్చల్యా."

"సరేలే. సాంబారు ఏసుకో."

ఆ ప్రశ్నే ఎందుకు అడిగాడు? తెలిసే అడిగాడా? తెలిస్తే సాంబారు ఎందుకు వేసుకోమన్నాడు? అప్పట్నుంచీ ఆయన ఫోను వస్తే మోగి ఆగేదాకా ఎత్తను. ఆయన భార్య నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే.

ఆయనతో ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాటా ఇవ్వను. కానీ ఆ బంతిలో ఇవ్వాల్సిన జవాబు ఇదిగో, ఒక్కసారైనా బయటికి రానీ.

మార్చినానన్నా. నువ్వు పోయినాక మార్చినా.