గోడ ఇవతలి హాజరు

ఇవాళ యూనివర్సిటీ అనిపించుకుంటున్న ఆ కాలేజీ మొదట మా గోడ అవతలి బంగళాలో పుట్టింది. అప్పుడు మేము అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక గల్లీలో ఉండేవాళ్లం. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు తెల్లబట్టల సిస్టర్లు వచ్చి ఆ బంగళా కిరాయికి తీసుకున్నారు. ముందుగదిలో బెంచీలు వేసి ఆడపిల్లల కాలేజీ అన్నారు.

మా ఇంట్లో ముగ్గురం: నాంపల్లిలో గుమాస్తా పని చేసే నాయన, మంచం పట్టిన నానమ్మ, నేను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నానమ్మను లేపి కూర్చోబెట్టడానికి వేరే మనిషి లేక నేను బడి మొహం చూడలేదు. దీపాలు పెట్టాక నాయనే చాప పరిచి చదువు చెప్పేవాడు. చదివేది ఒక్కదాన్నే అయినా తను చదివిన ఉర్దూ బడి పద్ధతి ఆయన మానలేదు. ముందు నా పేరు పిలవాలి, నేను “హాజర్” అనాలి, ఆ తర్వాతే పుస్తకం. నానమ్మకు నేను ఎప్పుడూ “పిల్లా”నే. పేరు పెట్టి పిలిచే ఆ ఒక్క పిలుపు కోసం పొద్దంతా ఎదురుచూసేదాన్ని. అది దక్కినందుకు దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

ఒకనాడు పొద్దున పెరట్లో గోడ పక్కన బియ్యం ఏరుతున్నాను. అవతల సిస్టరు పేర్లు పిలుస్తోంది. పిల్లలు “ప్రెజెంట్ సిస్టర్” అంటున్నారు. ఉన్నట్టుండి నా పేరే వినిపించింది. జవాబు లేదు. సిస్టరు మళ్లీ పిలిచింది.

“హాజర్!” అని నా నోటినుంచి గట్టిగా వచ్చేసింది.

అవతల ఒకటే నవ్వులు. నా పేరే ఉన్న అమ్మాయి ఆ పూట రాలేదన్నమాట. కుర్చీ లాగిన చప్పుడైంది. గోడ మీద తెల్ల ముసుగు, కళ్లజోడు కనిపించాయి. సిస్టరుది దూరపు సముద్రతీరం, తెలుగు ఇక్కడికొచ్చి నేర్చుకుంది.

“హాజర్ చెప్పింది నీవేనా అండీ?”

“తప్పయింది సిస్టరమ్మా. నన్నే అనుకున్న.”

“ఏమి చదివారు నువ్వు?”

నాయన చెప్పినవన్నీ చెప్పాను. “వెనక బెంచీ ఖాళీ. రండి. బడి చదవకపోయినా పరీక్ష కట్టించే సంగతి నేను చూస్తాను” అంది.

లోపల్నుంచి నానమ్మ అందుకుంది. “అది గా కాలేజికి పోతే నన్నెవరు లేపాలె? మీ ఏసయ్యొస్తడా?”

సిస్టరు నవ్వింది. “వస్తే మంచిదే పెద్దమ్మా!” అని, నాతో మెల్లగా, “పెద్దమ్మ లేచి నడిచినాక రా. చోటు ఉంచుతాను” అంది.

అప్పటినుంచి నానమ్మ కాళ్ల కోసం మా రాముడికి, బెంచీ కోసం అవతలి దేవుడికి మొక్కుకున్నాను. కాళ్లు మాత్రం కదల్లేదు. కాలేజీ పెరిగింది. వరండాకు తడికెలు కట్టారు, గుర్రాలశాలలో పుస్తకాల బీరువాలు పెట్టారు, పెరట్లో రేకుల షెడ్డు లేచింది. కాచిగూడ నుంచి కూడా రిక్షాల్లో పిల్లలు వచ్చేవారు. మొదట్లో ఏ గొంతు ఎవరిదో తెలిసేది. తర్వాత్తర్వాత అంతా ఒకే హోరు. అందులో నా ఖాళీ బెంచీ ఇంకా ఉందో లేదో అడిగే ధైర్యం నాకు చాలలేదు.

చివరికి బంగళా చాలక ఊరి బయట పెద్ద జాగా తీసుకున్నారు. బెంచీలు బండ్లకెక్కిన రోజు సిస్టరు గోడ దగ్గరికి వచ్చింది.

“పెద్దమ్మ నడుస్తున్నారా?”

“లేదు సిస్టరమ్మా.”

ఆమె తల ఊపి వెళ్లిపోయింది. అంతదూరం నేను వెళ్లలేనని ఇద్దరికీ తెలుసు. కాసేపటికి పిల్లల్ని పెరట్లో నిలబెట్టి ఆ బంగళాలో ఆఖరిసారి పేర్లు పిలిచింది. నా పేరు వచ్చినప్పుడు ఆ అమ్మాయి “ప్రెజెంట్” అంది. పేర్లన్నీ అయిపోయాయి. అప్పుడు గోడకు దగ్గరగా సిస్టరు గొంతులో మళ్లీ నా పేరు.

“చెప్పాను కదా సిస్టర్” అంది ఆ అమ్మాయి.

“నిన్ను కాదు.”

హోరంతా ఆగిపోయింది. నా చేతిలో చాట అలాగే ఉంది. లోపల మంచం కిర్రుమంది.

“ఏందే పిల్లా, చెవుడొచ్చిందా? నిన్నే పిలుస్తున్నరు గద” అంది నానమ్మ. “జవాబియ్యి.”

“హాజర్” అన్నాను.