మా అక్క మడి

విలేకరి ఉద్యోగంలో నేను రోడ్డు ప్రమాదాలు చాలా చూశాను. శవాల గది బయట నిలబడి వివరాలు రాసుకుని, ఎదురుగా ఉన్న బంకులో టీ తాగి వచ్చేవాణ్ణి. అప్పుడెప్పుడూ కడుపులో తిప్పలేదు. గోరంట్లలో మా అక్క అన్నం వడ్డించినప్పుడు తిప్పింది. గరిటె పట్టుకున్న ఆమె వేళ్ళమీద చర్మం ఉడకబెట్టిన దుంప తొక్కలా లేచిపోయింది. కణుపుల దగ్గర పచ్చి నెత్తురు. పప్పు వాసనను మించి ఫినాయిలు వాసన. నేను రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాను.

పక్కన కూర్చున్న బంధువు మాత్రం మూడోసారి నెయ్యి వేయించుకుంటూ, "ఈ కాలంలో ఇంత మడి యాడుందప్పా! ఈయమ్మ కాళ్ళకు మొక్కినా తప్పులేదు" అన్నాడు. నిజంగానే భోజనాలయ్యాక ఇద్దరు ఆడవాళ్ళు అక్క కాళ్ళకు మొక్కారు. నాకు ఆ చేతులకంటే ఆ మొక్కడమే ఎక్కువ రోత పుట్టించింది.

అక్కది వ్యాపారస్తుల ఇల్లు. బావకు బజారులో కిరాణా కొట్టు ఉంది. ఇంట్లో మడి అలవాటు ముందునుంచీ ఉన్నదే కాబట్టి, అది ఎక్కడ ఆగి జబ్బు ఎక్కడ మొదలైందో ఎవరూ గమనించలేదు. అక్క పాల ప్యాకెట్టును సబ్బుతో కడిగేది. తలుపు గొళ్ళేన్ని కడిగేది. కడిగిన చేతితో కుళాయి ముట్టుకున్నందుకు మళ్ళీ చెయ్యి కడిగేది. వీధి బోరు ఎండిపోయి జనం ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టి కూర్చునే ఊళ్ళో, ఆమె ఒక్కదాని చేతులకే ఒక డ్రమ్ము నీళ్ళు పోయేవి. "మాకు గొంతు తడుపుకునేకి లేవు, ఈయమ్మ మడికి ట్యాంకరు కావల్ల" అని ఎదురింటామె ఒకసారి గట్టిగానే అంది. ఆ ఇంటి గురించి నేను విన్న మాటల్లో పొగడ్త కానిది అదొక్కటే.

తర్వాత అక్క గడప దాటడం మానేసింది. వీధిలోకి వస్తే ఊపిరాడదని, తిరిగి ఇంటికి చేరలేననిపిస్తుందని చెప్పేది. కూతురి పెళ్ళి కల్యాణ మండపంలో కాకుండా ఇంటి ముందే షామియానా వేసి చేశారు. దాన్నీ నిష్ఠ అనే అన్నారు.

ఆ కూతురు కదిరిలో గర్భవతి అయింది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. అక్కే వద్దంది. వద్దన్న రోజు సాయంత్రం నాకు ఫోను చేసి ఏడ్చింది.

"నా సేతుల్నుంచి పసిబిడ్డకేమన్నా అంటితే ఎట్లరా? అందుకే ఈడికి తేవద్దంటి. కానీ ఎత్తుకోవల్లరా నాకు. నా బిడ్డ బిడ్డను ఒక్కసారన్నా ఎత్తుకోవల్ల."

బావ కారు గుమ్మానికి ఆనించి పెడితే, అక్క ఉతికిన దుప్పటి చుట్టుకుని, కళ్ళు మూసుకుని, నేనుండే అనంతపురానికి వైద్యం కోసం వచ్చింది. మానసిక వైద్యురాలు చాలాసేపు విని, కడగడం ఒకటి, గడప దాటలేని భయం ఒకటి, ఇవి రెండు జబ్బులని, ఒకదాన్నొకటి పోషించుకుంటున్నాయని చెప్పింది. పత్రికలో ఆరోగ్యం పేజీ కూడా చూసేవాణ్ణి కాబట్టి ఈ జబ్బులమీద జరిగిన పరిశోధనల గురించి నేను కొంత చదివి ఉన్నాను. మందు భయాన్ని తగ్గిస్తుంది. కానీ భయపడే వస్తువును ముట్టుకుని, కడుక్కోకుండా ఆగి, భయం దానంతటదే దిగేదాకా కూర్చోవడం మనిషి నేర్చుకోవాలి. వైద్యురాలు ఇంకొకటి చెప్పింది. "శుభ్రంగానే ఉందా అని ఆమె అడిగితే ఎవ్వరూ జవాబు చెప్పకండి. మీరు ఉందంటే అదీ కడిగినట్టే."

ఆ ముట్టుకునే సాధన గోరంట్లలో, ఒక సెలవు రోజున నా ఎదుట మొదలైంది. తోడున్నవాడే, అంటే నేనే, ముందు చేసి చూపించాలి. బావ చెప్పుల అడుగుభాగాన్ని అరచేత్తో రాసి, అదే చేత్తో ఉడికించిన సెనక్కాయలు ఒలుచుకుని తినాలి. ఆ చెప్పులు బజారంతా తిరిగినవి. పేడ, ఉమ్ము, కుళ్ళిన టమోటా, ఏం తొక్కాయో వాటికే తెలియాలి. గింజ నోట్లో వేసుకున్నాక మింగడం కష్టమైంది.

అక్క ఎన్నో ఏళ్ళ తర్వాత నవ్వింది. "రోగం నాకా నీకారా? మొగం సూడు, ఆముదం తాగినోని మాదిరి పెట్టినావు!"

తర్వాత తనూ ముట్టుకుంది, వణికింది, తిన్నది. వీధి చివరిదాకా నడవడం కూడా మొదలుపెట్టాం. మాత్రలకు మొదట్లో వచ్చిన వికారం తగ్గింది. అయినా ఆమె ఉన్నచోటనే ఉండిపోయింది. బయట ఎంత భయపడినా ఇంట్లోకి అడుగుపెట్టగానే భయం ఠక్కున మాయమయ్యేది. మర్నాడు మళ్ళీ మొదటికి వచ్చేది. వైద్యురాలికి అనుమానం వచ్చింది. "ఇంట్లో ఎవరైనా ఏదైనా చేస్తున్నారా?" అని అడిగింది. అక్క తల అడ్డంగా ఊపింది. బావ కూడా ఊపాడు.

ఒకరోజు నడిచి వచ్చాక నేను ఎదురింటామెతో మాట్లాడుతూ వెనకబడ్డాను. లోపలికి వెళ్ళేసరికి అక్క తలుపు వెనక తల వంచుకుని నిలబడి ఉంది. ఆమె అత్తగారు చెంబులో తమలపాకు ముంచి ఆమెమీద పసుపు నీళ్ళు చల్లుతోంది. చావింటికి పోయి వచ్చినవాళ్ళకు ఆ ఇంట్లో గడప దగ్గర చేసేదే. అక్క కళ్ళు మూసుకుని హాయిగా ఊపిరి తీస్తోంది.

"ఏం చేస్తాండావత్తా?"

"ఏముందప్పా, పసుపు నీళ్ళు. బయటికి పోయొచ్చినాది గదా."

"కడగొద్దని డాక్టరమ్మ చెప్పలేదా?"

"నేను కడిగినానా? సిలకరించినా. ఆయమ్మ సబ్బు వద్దనింది గానీ పసుపు వద్దనిందా?"

బావ కుర్చీలోంచి లేవకుండానే, "పోనీలే బామ్మర్దీ, పెద్దామె తృప్తి. నాలుగు సుక్కలకేమైతాది?" అన్నాడు. అంటే మొదటి రోజు నుంచీ ఆయనకు తెలుసు. అందరికీ తెలుసు. చెప్పు ముట్టిన చేతితో నేను తిన్న సెనక్కాయలన్నీ గొంతులోకి వచ్చినట్టయింది. ఆ పసుపు వాసన నాకు ఇప్పటికీ పడదు.

తర్వాతిసారి అత్తను కూడా తీసుకెళ్ళాను. వైద్యురాలు కోప్పడలేదు. "అవ్వా, నువ్వు నీళ్ళు చల్లినప్పుడంతా, నిజంగానే తనకేదో అంటిందని కోడలికి చెప్తున్నట్టు."

"నేనట్ల ఒక్క మాటా అనలేదు తల్లీ."

"నీ చెంబు అంటాండాది."

ముసలామె, "అది అల్లాడిపోతాంటే సూడలేకపోతి" అంది. ఆ మాట విన్నాక ఆమె మీద నా కోపం తగ్గింది. బావ మీద తగ్గలేదు.

పసుపు నీళ్ళు ఆగాక అసలు కష్టం మొదలైంది. అక్క ఏడ్చేది, అత్తను తిట్టేది, చెంబు కోసం వంటింట్లో వెతికేది. ఒకసారి నన్ను వాకిట్లోంచే పొమ్మంది. అయినా మాత్ర మానలేదు, నడక మానలేదు. నెమ్మదిగా, వదిలేస్తే భయం దానంతటదే దిగుతుందని ఆమె ఒంటికి తెలిసింది.

ఆడపిల్ల పుట్టిందని కబురు వచ్చిన రోజు కారు తెస్తానంటే వద్దంది. బస్సెక్కింది. బస్టాండు స్తంభానికి వక్క ఉమ్ము చారలు, మూత్రం వాసన, కాళ్ళకింద తడి. నేను ముక్కు మూసుకున్నాను. ఆమె మూసుకోలేదు. దారి పొడవునా ముందు సీటు కమ్మీ పట్టుకునే కూర్చుంది.

కదిరి ఆసుపత్రిలో అల్లుడి తల్లి, "దూరంగా కూసో వదినా, నీ మడి మైలపడ్తాది" అంది. అక్క మంచం దగ్గరకు వెళ్ళి ఆగిపోయింది. చేతులు చాపి నావైపు తిరిగింది.

"రేయ్, నా సేతులు బాగుండాయా?"

బాగున్నాయి. మానుతున్నాయి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నేను కిటికీ వైపు చూశాను. అంత ఇష్టం లేని పని నేను ఇంకొకటి చేయలేదు.

జవాబు రాదని తెలుసుకోవడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. తర్వాత వంగి బిడ్డను ఎత్తుకుని మంచం అంచున కూర్చుంది. ఒళ్ళంతా వణుకుతోంది, బిడ్డను పట్టుకున్న పట్టు మాత్రం సడలలేదు. కాసేపటికే బిడ్డ ఆమె చీర తడిపేసింది.

అల్లుడి తల్లి పక్కామెతో, నాకు వినపడేట్టుగానే, "ఎట్లా మడి మనిషి, ఎట్లయిపోయినాదో సూడు పాపం" అంది. అందులో నిజమైన జాలి ఉంది. ఆ జాలికే నాకు డోకు వచ్చింది.

అక్క తలెత్తలేదు. తడి కుచ్చెళ్ళు ఒళ్ళోనే ఉన్నాయి. బిడ్డ కాళ్ళు తుడవడానికి పొడి గుడ్డ ఇమ్మని కూతురిని అడిగింది.