పేగుల్లోకి చేరని గుడ్డు

ఇరవై రెండేళ్లుగా ఆ స్కానింగ్ గదిలో పనిచేస్తున్న టెక్నీషియన్‌ను ఆస్పత్రిలో అందరూ గడియారమనే పిలుస్తారు. కడుపు సరిగా కదలని రోగుల మీద సర్జన్ చేస్తున్న పరిశోధనకు ఫొటోలు తీసేది ఆమే. రవ్వంత రేడియేషన్ మందు కలిపిన గుడ్డు తినిపించి, కడుపులో ఇంకా ఎంత మిగిలిందో నాలుగు గంటలపాటు గంటగంటకూ ఫొటో తీయాలి. నిమిషం అటూ ఇటూ అయితే ఊరుకోదు. సొంత పెళ్లిలో కూడా పురోహితుడిని తొందరపెట్టి ఉంటుందని తోటివాళ్లు ఏడిపిస్తారు.

ఆరోజు వచ్చినావిడ బట్టలు కుట్టే టైలరమ్మ. రెండేళ్లుగా తిన్నది తిన్నట్టు కక్కేస్తూ చిక్కి సగమైపోయింది. ఏ పరీక్షలోనూ ఏమీ తేలలేదు. ఇంట్లోవాళ్లు అదంతా నాటకమని కొట్టిపారేశారు. ఈ గుడ్డు పరీక్షలో కడుపు మందగించిందని తేలితేనే ఆపరేషన్. లేదంటే జబ్బేమీ లేదని ఫైలు మూసేస్తారు.

మొదటి గంట ఫొటోలో గుడ్డు ఇంచుమించు ఉన్నచోటే ఉంది. రెండో గంటకు చాలావరకు మాయమైంది. ఇలాగే సాగితే కంప్యూటర్ నార్మల్ అని తేల్చేస్తుంది. గడియారం మాత్రం ఫొటోను రెండుసార్లు చూసింది. కడుపులోంచి పోయిన గుడ్డు పేగుల్లో కనబడాలి కదా! పేగులు ఖాళీగా ఉన్నాయి.

"అమ్మా, మధ్యలో వాంతి ఏమైనా అయిందా?"

"లేదు మేడమ్."

"నిజం చెప్పు."

"అబద్ధం ఎందుకు చెప్తాను?" అంది టైలరమ్మ. మొహంలో నెత్తుటి చుక్క లేదు. చేతిసంచీని ఒళ్లోకి లాక్కుంది.

సర్జన్ తలుపులోంచి తొంగిచూశాడు. "ఎలా ఉంది? నార్మలేనా?"

"రెండు నిమిషాలు ఆగండి సార్." గడియారం నోటినుంచి ఆగమనే మాట రావడం అదే మొదటిసారి.

గడియారానికి ఒళ్లు మండిపోయింది. అబద్ధమాడే పేషెంటంటే ఆమెకు గిట్టదు. కక్కిన గుడ్డు ఎక్కడున్నా మోగుతుందని రేడియేషన్ కొలిచే మీటర్ తీసుకుంది. వాష్‌బేసిన్ దగ్గర చప్పుడు లేదు. చెత్తబుట్ట దగ్గరా లేదు. టైలరమ్మ వద్దు వద్దంటున్నా సంచీ లాక్కుని, ఆమె ఒంట్లోని మందు అడ్డురాకుండా దూరంగా ఓ మూల పెట్టి, మీటర్‌ను దాని దగ్గరికి తెచ్చింది. అది టకటకా మోగింది. సంచీలో ముడేసిన ప్లాస్టిక్ కవరు ఉంది.

టైలరమ్మ బావురుమంది. "వాంతైతే పరీక్ష చెల్లదన్నారు కదా అక్కా. వెళ్లిపొమ్మంటారని భయమేసింది. ఈ రోజు కోసం ఆర్నెల్లు ఎదురుచూశాను."

గడియారం కోపం ఎటు పోయిందో. "పిచ్చి మొహమా, జబ్బు ఉందని చూపించుకోడానికి వచ్చి జబ్బునే దాచావా? నేను చూడకపోతే నీకేమీ లేదని రాసి పంపేసేవాళ్లం," అంది.

పరీక్ష చెల్లదని రాసి సర్జన్ దగ్గరికి పరుగెత్తింది. ఆయన కాసేపు గొణిగాడు కానీ, మూడు రోజుల తర్వాత మళ్లీ చేయడానికి సంతకం పెట్టాడు.

"మళ్లీ అదే గుడ్డు తినాలి. నీవల్ల అవుతుందా?" అని తిరిగొచ్చి అడిగింది గడియారం.

"తింటాను," అంది టైలరమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఈసారి వాంతొస్తే మీ ముందే చేసుకుంటాను. కళ్లారా చూశానని ఓ కాగితం రాసివ్వండి అక్కా, ఇంట్లో చూపించుకుంటాను."