గీతలో పల్లం

కిమ్ ఊరు దాటాక చెరకు చేల మధ్య ఒక చమురు బావి. దాన్ని కొన్ని రోజులు మూసి, లోపల ఒత్తిడి మళ్లీ ఎలా పెరుగుతుందో చూడటం మా పని. అక్కడ చమురు ఉన్నది పగుళ్లు పట్టిన నల్లరాతిలో. పగుళ్లలో ఎంత ఉంది, రాయి తనలో ఎంత దాచుకుంది అన్నది ఒత్తిడి గీతను బట్టి లెక్కగట్టాలి. హజీరా రోడ్డులోని ఆఫీసులో కూర్చొని ఆ గీతలు చదివే ఇంజనీరును నేను. బావి దగ్గర గేజీ చూసి గంట గంటకూ అంకెలు రాసేది జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక ఆపరేటరు. అంతకుముందు సచిన్ అనే ఊళ్లో మగ్గాలు నడిపాడు. నాకంటే పదేళ్లు పెద్ద. అయినా నువ్వు అనేవాణ్ని.

రెండో రోజు మధ్యాహ్నం ఒత్తిడి పెరగడం దాదాపు ఆగిపోయింది. కొన్ని గంటలకు మళ్లీ అందుకుంది. పెరిగే వేగాన్ని గీస్తే అక్కడ లోతైన పల్లం. మూసిన వాల్వు కాస్త వదులైనా అలాగే కనబడుతుంది. మర్నాడు నేను జీపులో వెళ్లేసరికి అతను టిఫిన్ డబ్బా కడుగుతున్నాడు.

"వాల్వు ముట్టుకున్నావా?"

"నేనెందుకు ముట్టుకుంట సార్? సీలు గట్లనే ఉంది, సూడు."

"మరి ఒత్తిడి ఎందుకు ఆగింది? తిని కునుకు తీశావా?"

"నేను కునుకు తీస్తే అంకెలెవలు రాసిన్రు, గేజా?" అని నవ్వి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. "మా బాయి గూడ గిట్లనే సార్. మోటరు బంద్ జేస్తే నెర్రెలకెల్లి నీళ్లు జల్ది ఎక్కుతయ్. జరసేపు ఆగినట్టే అయితది. అటెన్క బండ లోపలిది మెల్లగ ఊరుతది."

"ఇది మీ ఊరి బాయి కాదు" అన్నాను. డ్రైవరు నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగుండింది.

ఆపరేటరు నిర్లక్ష్యం వల్ల వాల్వు కారిందని, అప్పటినుంచి వచ్చిన అంకెలను లెక్కలోకి తీసుకోలేదని అతని పేరుతో సహా నివేదికలో రాశాను. వారం తిరగకుండానే కాంట్రాక్టరు అతన్ని తీసేశాడు.

రెండేళ్లకు పక్క బావిలో పరీక్ష జరిగింది. ఈసారి గేజీ దగ్గర మనిషి లేడు, యంత్రమే రాసుకుంది. అదే పల్లం. ముందు పగుళ్లు పుంజుకుంటాయి. వాటి ఒత్తిడి రాతి ఒత్తిడితో సమమయ్యేదాకా పెరుగుదల నెమ్మదిస్తుంది. తర్వాత రెండూ కలిసి పెరుగుతాయి. కాలేజీలో నేను పరీక్షకు రాసిన పాఠమే ఇది. గేజీ దగ్గర ఒక మనిషి కనబడేసరికి పాఠం గుర్తు రాలేదు.

దాన్నిబట్టి నేను కట్టిన కొత్త లెక్కకు ఆఫీసులో నన్ను మెచ్చుకున్నారు. పాత నివేదికను నేను కదపలేదు. ఆ తర్వాత ఏ బావి గీత తెరిచినా కన్ను పల్లం కోసమే వెతికేది. ఇచ్ఛాపూర్‌లో మా ఇంట్లో భార్య గిన్నెలు కడుగుతుంటే ఆ డబ్బా చప్పుడే వినిపించేది. లేచి బయటికి వెళ్లిపోయేవాణ్ని.

చివరికి ఒక ఆదివారం సచిన్ వెళ్లాను. అతను మళ్లీ మగ్గాల్లోనే ఉన్నాడు. టీ బండి దగ్గరికి వచ్చినప్పుడు జుట్టు నిండా నూగు.

"మీరు చెప్పిందే నిజం. తప్పు నాది" అన్నాను.

"నాకెరుకనే గద సార్" అన్నాడు, టీ ఊదుకుంటూ. "మా ఇంటామె నమ్మలే. తిని పండుకున్నవ్ అని ఇప్పటికీ దెప్పుతది. నోటిమాట ఆమెకు ఆనదు. కాయితం తెచ్చియ్యి."

సవరణ రాసి ఫైల్లో పెట్టాను. ఆపరేటరు తప్పేమీ లేదని, మునుపటి అంచనా సరికాదని తేలిందని. మరుసటి ఆదివారం కాపీ తీసుకెళ్లాను. అతను వరుసల మీద వేలు నడిపాడు.

"ఇంగ్లీషు రాదు గాని పేర్లు గుర్తువడ్తయ్. గిది నా పేరు. నీది ఏడుంది?"

లేదు. అడుగున విభాగం ముద్ర మాత్రమే ఉంది.

పెన్ను తీసి, తప్పు చేసింది నేనని ఆ కాపీ మీద తెలుగులో రాసి, నా పేరు రాశాను. అతను చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"సాలు. ఆమె తెలుగు సదువుతది."

ఆఫీసు ఫైల్లో ఉన్నదాంట్లో నా పేరు ఇప్పటికీ లేదు. రాయడానికి రెండు నిమిషాలు పట్టదు. బీరువా నా కుర్చీ వెనకే ఉంది.